బండి కింద దూరి చూడు, అల్లుడూ

ఆళ్లగడ్డ

మేనల్లుడికి మీ మామ రాయునది.

మొన్న ఆదివారం మీ అమ్మ నంద్యాల నుంచి వచ్చి, నువ్వు మెల్‌బోర్న్ నుంచి పంపిన బండి ఫొటోలు చూపించింది. తెల్ల టొయోటా హైఏస్. లోపల చెక్క పలకలు, పరుపు, గులాబీ రంగు దిండ్లు, పైకప్పు చుట్టూ పెళ్లిపందిరికి కట్టినట్టు చిన్న చిన్న లైట్లు. మొత్తం పద్నాలుగు ఫొటోలు. దిండ్లు తొమ్మిదింట్లో ఉన్నాయి. టైరు ఒకదాంట్లో సగం కనబడింది. ఇంజను ఒక్కదాంట్లోనూ లేదు, బండి అడుగు అసలే లేదు. ఫొటోలు తీసినవాడు తెలివైనవాడు.

మీ అమ్మ దిగులు వేరు. “ఇల్లు లేనట్టు బండిలో పడుకుంటాడంటన్నా” అంటుంది. సెలవులు గడపడానికి కూడా వీసా ఇస్తారంటే ఆమె ఇప్పటికీ నమ్మడం లేదు. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా మనవాళ్లకు 2024లోనే మొదలైందనీ, 18 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లకే ఇస్తారనీ, ఏడాదికి 1,000 మందినే లాటరీ తీసి పిలుస్తారనీ, అందులో నీ పేరు వచ్చిందనీ మీ మామ విడమరిచి చెప్పాక కొంచెం తేరుకుంది.

బండిలో పడుకోవడం మన సీమకు కొత్తేమీ కాదు. మహానంది తిరునాళ్లకు గూడుబండ్లు కట్టుకొని, గడ్డి, గిన్నెలు, పిల్లలు అన్నీ అందులోనే వేసుకొని పోయినవాళ్లు మన పెద్దలు. అహోబిలం స్వామి సంగతి చూడు. సంక్రాంతి దాటగానే పారువేటకు పల్లకి ఎక్కి, దాదాపు 40 రోజులు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. ఏ రోజు ఏ ఊళ్లో ఆగాలో ముందే ఖాయమై ఉంటుంది. జర్మనీవాళ్లు 1950లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాను తయారుచేసి, మరుసటేడే వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ దాంట్లో పడకా బల్లా అమర్చితే ప్రపంచం వింతగా చూసింది. గూడుబండ్లలో పెరిగిన మనం అంత వింత పడనక్కర్లేదు. కాబట్టి నువ్వు బండిలో తిరగడానికి మీ మామకు అభ్యంతరం లేదు. ఆ బండి కొనడం మీదే ఉంది.

మీ మామ కొన్న తొలి వ్యాను కథ మీ అమ్మకు తెలుసు, నీకు తెలియదు. 1996లో, ఒక ఊళ్లో ఒక బ్రోకరు దగ్గర. సీట్లకు ఎర్ర రెగ్జిన్ కొత్తగా వేయించి ఉంది, కొత్త సరుకు వాసన ఇంకా పోలేదు. దాన్ని చూసి మురిసిపోయాడు. ఆర్సీ అడిగితే జిరాక్సు ఇచ్చారు. అసలు పుస్తకం ఆఫీసులో ఉందన్నారు, వారంలో వస్తుందన్నారు. శివరాత్రి ముందు శిరివెళ్ల నుంచి పదమూడు మందిని ఎక్కించుకొని శ్రీశైలం బయలుదేరితే, ఆత్మకూరులో ఇద్దరు మనుషులు బండికి అడ్డం నిలబడ్డారు. పాత ఓనరు ఫైనాన్సుకు పదకొండు కంతులు బాకీ ఉన్నాడట. యాత్రికులు మూటలు నెత్తిన పెట్టుకొని బస్టాండు వైపు నడిచారు. తాళంచెవి వాళ్ల చేతిలో, తువ్వాలు మీ మామ చేతిలో మిగిలాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అదే దారిలో బండి తోలాడు గానీ, ఆత్మకూరు దాటినప్పుడల్లా ఆ ఎర్ర రెగ్జిన్ గుర్తొచ్చేది.

అందుకని ముందు కాగితాలు.

శ్రీశైలం పోయేవాళ్లు దారిలో సాక్షి గణపతి దగ్గర ఆగుతారు. ఆయన ఒక చేత పుస్తకం, ఒక చేత కలం పట్టుకొని, ఎవరెవరు వచ్చారో రాసుకుంటాడని, కైలాసంలో మన తరఫున సాక్ష్యం చెబుతాడని నమ్మకం. ఆస్ట్రేలియాలో బండ్లకూ అలాంటి సాక్షి ఒకడున్నాడు. పేరు పి.పి.ఎస్.ఆర్. తాకట్టులో ఉన్న సొత్తు వివరాలు రాసుకునే ప్రభుత్వ రిజిస్టరు అది, 2012 జనవరి 30న మొదలైంది. బండి మీద ఉండే 17 అక్షరాల, అంకెల వి.ఐ.ఎన్. నంబరు కొట్టి 2 డాలర్లు కడితే మూడు సంగతులు చెబుతుంది: బండి మీద అప్పుందా, దొంగ బండని నమోదైందా, ప్రమాదంలో దెబ్బతిని ఇన్సూరెన్సువాళ్లు రైటాఫ్ చేసిందా. ఇదే పని చేసిపెడతామని ముప్పై నలభై డాలర్లు గుంజే ప్రైవేటు సైట్లు కూడా ఉన్నాయి, ప్రభుత్వ సైటులోకే పో. అమ్మేవాడు వాట్సాప్‌లో పంపిన నంబరు కొట్టొద్దు. బండి దగ్గరికి పోయి, ప్లేటు మీదా బాడీ మీదా ఉన్న నంబరు కళ్లతో చదివి, రెండూ ఒకటేనని చూసుకొని అప్పుడు కొట్టు. డబ్బు ఇచ్చే రోజు పొద్దున మరోసారి కొట్టు. ఇంకో 2 డాలర్లు పోతే పోయాయి.

పేరు మార్పిడి సంగతి కూడా ఆలస్యం చేయొద్దు. మన దగ్గర 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించుకొని, తేదీ వేయకుండా డ్యాష్‌బోర్డులో పడేసి తిరిగేవాళ్లు ఎందరో. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది: బండి నాలుగు చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో అతనే ఓనరు, పరిహారం బాధ్యత అతనిదే. విక్టోరియా రాష్ట్రంలో పేరు మార్పిడికి 14 రోజుల గడువు. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ తెలియజేయాలి. నీ పేరు ఎక్కకముందు మెల్‌బోర్న్ దాటొద్దు.

అక్కడ మన ఎఫ్.సి. లాంటిది ఒకటుంది, రోడ్‌వర్దీ సర్టిఫికెట్ అంటారు. విక్టోరియాలో రిజిస్ట్రేషన్‌తో సహా బండి అమ్మితే అది అమ్మేవాడే తెచ్చివ్వాలి, 30 రోజుల లోపుదై ఉండాలి. “సర్టిఫికెట్ నువ్వే చేయించుకో, ఐదొందలు తగ్గిస్తాను” అన్నాడంటే, ఆ ఐదొందలతో తీరని రోగం ఏదో ఉందని అర్థం. సర్టిఫికెట్ ఉన్నా సంతోషపడి ఊరుకోవద్దు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, లైట్లు, తుప్పు, సీటు బెల్టులు, ఇలా భద్రతకు సంబంధించినవే చూస్తారు. ఇంజను ఇంకెన్నాళ్లు బతుకుతుందో, గేరుబాక్సు ఎలా ఉందో వాళ్లకు పని లేదు. ఎఫ్.సి. ఉన్న బండ్లన్నీ మంచివైతే, శివరాత్రికి శ్రీశైలం దారిలో దోర్నాల ఘాట్‌లో అన్ని బండ్లు ఆవిరి కక్కుతూ నిలబడవు.

విక్టోరియాలో లైసెన్సు ఉన్న డీలరు పదేళ్ల లోపు, 1,60,000 కిలోమీటర్ల లోపు తిరిగిన కారు అమ్మితే మూడు నెలలో 5,000 కిలోమీటర్లో వారంటీ ఇవ్వాలని చట్టం. నువ్వు చూసింది 2009 మోడలు, మీటరు 3,12,000 చూపిస్తోంది, అమ్మేవాడు ప్రైవేటు మనిషి. అంటే వారంటీ అనేది నీ కళ్లూ చెవులే.

ఇక ఇంజను. ఫొటోల్లో లేకపోవడానికి కొంత కారణం హైఏస్ నిర్మాణమే. ముందు బానెట్ ఎత్తితే ఇంజను కనబడదు, ముందు సీటు ఎత్తాలి. సీటెత్తి చూపించమను. డీజిల్ అన్నావు కాబట్టి అది 3 లీటర్ల ఇంజను అయి ఉంటుంది. మన ఊళ్లో పాత ఇన్నోవాలు తోలిన 2.5 లీటర్ల ఇంజనుకు అది సొంత అన్న. ఆ కుటుంబం గట్టిదే. రెండు చోట్ల మాత్రం కొంప ముంచుతుంది.

ఒకటి, టైమింగ్ బెల్టు. ఆస్ట్రేలియాలో దాన్ని 1,50,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి, ఆ లెక్క దాటితే డ్యాష్‌బోర్డులో దీపం కూడా వెలుగుతుంది. 3,12,000 తిరిగిన బండికి రెండుసార్లు మారి ఉండాలి. నోటిమాట వినొద్దు, బిల్లు అడుగు. బెల్టు తెగితే పిస్టన్లు పోయి వాల్వులను కొడతాయి. ఆ తర్వాత అది బండి కాదు, పరుపున్న రేకుల షెడ్డు. రెండోది, ఇంజెక్టర్లు. వాటి కింది సీళ్లు లీకైతే మసి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, ముద్ద కట్టి కింద ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తుంది. ఆయిల్ అందక ఇంజను పట్టేస్తుంది. ఇంజెక్టర్లు ఎప్పుడు మార్చారో, సీళ్లు ఎప్పుడు వేశారో అడుగు. పెట్రోలు మోడలు దొరికితే అందులో బెల్టు బదులు చైను ఉంటుంది, ఈ బెడద లేదు.

బండి చూడటానికి పొద్దున్నే పో, చెప్పిన టైముకు అరగంట ముందే పో. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టాడంటే చల్లని ఇంజనులో వినబడే చప్పుడు దాస్తున్నాడేమో. అలాంటప్పుడు మరుసటిరోజు వస్తానని చెప్పి తిరిగి వచ్చెయ్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి వెనక నిలబడి పొగ చూడు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, రేడియేటరు నీళ్లు తగ్గుతుంటే హెడ్డు గ్యాస్కెట్ అనుమానించు. నల్ల పొగ బుసబుస వస్తే ఇంజెక్టర్ల దగ్గరో గాలి దారిలోనో తేడా ఉంది. తర్వాత అరగంట తోలు, ఒక ఎత్తు ఎక్కించు, వేడి ముల్లు చూస్తూ ఉండు.

మీటరు నిజం చెబుతుందో లేదో కాళ్ల దగ్గర తెలుస్తుంది. లక్షన్నర తిరిగిందని చెప్పే బండికి బ్రేకు పెడలు రబ్బరు అరిగి ఇనుము కనబడితే, ఎవరో మీటరు తిప్పారు. సర్వీసు పుస్తకంలో తేదీలూ కిలోమీటర్లూ వరసగా పెరుగుతున్నాయో లేదో వేలు పెట్టి చదువు.

తుప్పు గురించి సీమవాళ్లకు భయం తక్కువ, మన ఎండకు ఇనుము కాలుతుంది గానీ తినుకుపోదు. సెకండ్ హ్యాండు బండ్ల కోసం కోస్తాకు పోయినప్పుడు మీ మామ నేర్చుకున్నాడు: పైన తళతళ, కింద జల్లెడ. ఆస్ట్రేలియాలో ఇలాంటి వ్యాన్లు బతికేదంతా సముద్రం ఒడ్డున, కొన్ని ఇసుకలో చక్రాల దాకా దిగి వస్తాయి. పాత దుప్పటి ఒకటి, టార్చి ఒకటి, చిన్న అయస్కాంతం ఒకటి తీసుకుపో. తలుపుల కింది అంచులు, చక్రాల గూళ్లు, ముందు అద్దం మూలలు, పైకప్పులో గాలి కోసం కోసిన కంతల చుట్టూ అయస్కాంతం ఆనించు. అతుక్కోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉంది. ఆ తర్వాత పరుపు ఎత్తి ముక్కు పెట్టు. ముక్కిన వాసన వస్తే పైకప్పు కారుతోంది. గులాబీ దిండ్లు ఆ వాసన దాచలేవు.

ఇంటి భాగంలో చూడాల్సినవి నాలుగే. వెనక సీట్లు తీసేసినా కొత్తవి బిగించినా ఇంజనీరు సర్టిఫికెట్ కావాల్సి రావచ్చు, ఉందేమో అడుగు. గ్యాసు పొయ్యి బండికి బిగించి ఉంటే గ్యాసు సర్టిఫికెట్ ఉండాలి. రెండో బ్యాటరీ వైర్లకు ఫ్యూజులు ఉన్నాయో లేదో చూడు, టేపు చుట్టి వదిలేసిన వైరు కనబడితే దాని ధర కూడా బేరంలో దించు. నాలుగోది బరువు. తలుపు దగ్గర ప్లేటు మీద బండి మొత్తం ఎంత బరువు మోయవచ్చో రాసి ఉంటుంది. చెక్క పలకలు, బ్యాటరీలు, ఫ్రిజ్జు, ఇద్దరు మనుషులు, 60 లీటర్ల నీళ్లంటే 60 కిలోలు. అన్నీ ఎక్కించాక, మన ధాన్యం లారీలను కాటా వేసినట్టు ఒకసారి కాటా వేయించు. ఉగాదికి కర్ణాటక నుంచి నల్లమలలో కాలినడకన శ్రీశైలం వచ్చే భక్తులు నెత్తి మీద ఎంత మూట పెట్టుకుంటారో ఎప్పుడైనా చూశావా? దారిలో పెచ్చెర్వు దగ్గర వాళ్ల మూట విప్పి చూస్తే జొన్నరొట్టెలు, ఒక దుప్పటి. ఇంకొక్క మాట, చలికి తట్టుకోలేక బండి తలుపులు మూసి లోపల పొయ్యి వెలిగించి నిద్రపోవద్దు. పొయ్యి వదిలే విషపు గాలి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

ఇన్సూరెన్సులో ఒక మెలిక ఉంది. విక్టోరియాలో రిజిస్ట్రేషన్ ఫీజుతో పాటు కట్టించుకునే బీమా మనుషుల గాయాలకే. నువ్వు పోయి ఒకడి ఖరీదైన కారును గుద్దితే ఆ రేకు ఖర్చు నీదే. ఎదుటివాడి ఆస్తికి బీమా విడిగా తీసుకో. బండిని ఇల్లుగా మార్చారని బీమా కంపెనీకి ముందే చెప్పు, దాచిపెడితే క్లెయిమ్ రోజున అదే వాళ్లకు ఆయుధం.

కొనే రోజే అమ్మే రోజును కూడా చూసుకోవాలి, నీ ప్లానులో అదే లోపించింది. ఆ దేశంలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నంబరు ప్లేటు, ఒక్కో రూలు. తెలంగాణ బండి తెచ్చి ఆంధ్రాలో అమ్మాలంటే ఎన్.ఓ.సి., లైఫ్ ట్యాక్సు అంటూ ఎంత తిరగాలో, విక్టోరియా బండిని పెర్త్‌లో అమ్మాలన్నా అంతే తలనొప్పి. కొనేవాడు ఆ తలనొప్పికి ధర తగ్గించి అడుగుతాడు. కాబట్టి మెల్‌బోర్న్‌లో కొన్న బండిని మెల్‌బోర్న్‌లోనే అమ్మేటట్టు చుట్టు తిరిగి రా. దేశం చుట్టూ పోయే హైవే 1 సుమారు 14,500 కిలోమీటర్లు. నువ్వు నవంబరుకు డార్విన్ చేరాలనుకుంటున్నావట. వద్దు. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుఫాన్లు, తెగిన రోడ్లు. జూన్‌లో మెల్‌బోర్న్ వదిలి సిడ్నీ, బ్రిస్బేన్ మీదుగా పైకి పో. ఉత్తరాన పొడిగా ఉన్న నెలల్లోనే డార్విన్, బ్రూమ్ దాటు, పెర్త్ చూసుకొని నవంబరుకు తిరిగి మెల్‌బోర్న్‌కు రా. అప్పటికి అక్కడ ఎండాకాలం దగ్గరపడి, నీలాంటి కొత్త పిల్లలు బండ్ల కోసం వెతుకుతుంటారు. వాళ్లకు అమ్ము. అమ్మేటప్పుడు ఇంజను ఫొటో పెట్టు.

పెర్త్ నుంచి వచ్చేటప్పుడు నల్లార్‌బోర్ అనే మైదానం దాటాలి. లాటిన్‌లో చెట్టు లేనిది అని అర్థం. ఆ దారిలో ఒకచోట 146 కిలోమీటర్లకు పైగా రోడ్డుకు ఒక్క మలుపు లేదు. దోర్నాల నుంచి శ్రీశైలం శిఖరం దాకా మలుపు మలుపుకూ హారన్ కొట్టుకుంటూ తోలిన మనిషికి అది ఊహకు కూడా అందదు. మలుపులు డ్రైవరును మేలుకొలుపుతాయి, అక్కడ మేలుకొలిపేదేమీ లేదు. నల్లమల దారికి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ గేటు వేస్తుంది. పులులు, జింకలు రోడ్డు దాటే వేళ అది. గేటు దగ్గర ఆలస్యమై బండి ఆపుకొని పడుకున్న రాత్రుల్లో మీ మామ దాన్ని చాలా తిట్టుకున్నాడు. తిట్టుకున్నాడు గానీ, ఆ గేటు వల్లే ఇన్నేళ్లలో ఒక్క జింకను గుద్దలేదు. నీ దారికి గేటు లేదు. కంగారూలు పొద్దు గుంకే వేళా తెల్లవారే వేళా రోడ్డెక్కుతాయి, పెద్ద మగది గుద్దితే రేడియేటరు నలిగిపోతుంది. మనుషులు లేని వందల కిలోమీటర్లలో ఆగిపోతావు. పొద్దు వాలగానే నీ గేటు నువ్వే వేసుకో.

అక్కడ ఒక్క ఇంజను వెనక మూడు నాలుగు ట్రైలర్లు తగిలించుకొని, 53.5 మీటర్ల పొడవు వరకు ఉండే రోడ్ ట్రైన్లు వస్తాయి. వెనక నుంచి వస్తే పక్కకు తగ్గి దారి ఇవ్వు. ఎదురుగా వస్తే స్టీరింగు గట్టిగా పట్టుకో, గాలి తోస్తుంది. పెట్రోలు బంకు కనబడ్డ ప్రతిచోటా ట్యాంకు నింపు. ఒక్కొక్కరికి పది లీటర్ల తాగునీళ్లు విడిగా పెట్టుకో, వాటిని గిన్నెలు కడగడానికి వాడొద్దు. రాష్ట్రాల సరిహద్దుల్లో పండ్లు, కూరగాయలు తీసుకునే తనిఖీలుంటాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో అడుగుపెడితే తేనె సీసా కూడా లాగేసుకుంటారు. సరిహద్దుకు ముందురోజు రాత్రి వంకాయలన్నీ వండేసుకో.

బేరం సంగతి. బండి నచ్చినట్టు ముఖంలో చూపించొద్దు, ఆ విద్య మీ అమ్మ దగ్గర నేర్చుకో, నంద్యాల బట్టల కొట్లో చూసే ఉంటావు. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్కుకు డబ్బిచ్చి బండి చూపించు. అతను రాసిచ్చిన కాగితం పట్టుకొని ఒక్కొక్క లోపానికి ఖర్చెంతో లెక్కేసి, ఆ మొత్తం తగ్గించమను. 14,000 డాలర్లు చేతిలో ఉంటే 14,000 బండి కొనొద్దు. ఐదో వంతు రిపేర్లకని విడిగా పెట్టుకొని, మిగతాదాంట్లో వచ్చే బండి చూడు. “ఇవాళే ఇంకొకరు వస్తున్నారు” అని అమ్మేవాడు అంటే, రానివ్వు. 1996లో ఆ బ్రోకరు కూడా అదే మాటన్నాడు. ఆ ఇంకొకడు ఎంతసేపటికీ రాలేదు.

వచ్చే ఆదివారం నీకు మధ్యాహ్నం పన్నెండైతే మాకు ఉదయం ఏడున్నర. అప్పుడు బండి దగ్గర నుంచి వీడియో కాల్ చెయ్. మీ అమ్మ కూడా ఆళ్లగడ్డ వస్తానంది, ఆమెకు మొదట లోపల పడకా దిండ్లూ చూపించు, లేకపోతే ఊరుకోదు. తర్వాత నేల మీద దుప్పటి పరచుకొని, టార్చి వెలిగించి, ఫోను పట్టుకొని బండి కిందికి దూరు. వెనక డిఫరెన్షియల్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా ముందుకు రా. ఎక్కడ ఆపాలో మీ మామ చెబుతాడు.

ఇట్లు,
మీ మామ